పందొమ్మిదో భాగం

చిన్నప్పుడు మాకు హైదరాబాదు
ఇల్లందులో, జానీమియా కాంపౌండరు ట్రంకుపెట్టెలో ఉండేది.
వారపత్రికలోంచి వారం వారం కత్తిరించి
గాయాలు కుట్టే దారంతోనే కుట్టుకున్న సీరియల్.
ఒక్క కాగితం ఊడేది కాదు.
కొన్ని పేజీల వెనక సగం పదకేళి, సగం వంకాయ పచ్చడి.

కుముద నారాయణగూడలో అద్దెకుండేది.
ఆమె బస్సెక్కితే నేనూ ఎక్కేదాన్ని,
పొయ్యి మీద పాలు పొంగినా దిగేదాన్ని కాదు.
పద్దెనిమిదో భాగం చివర
కాచిగూడ స్టేషను బయట వాన, చేతిలో తడిసిన చిరునామా.
రిక్షా అతను "ఎక్కడికమ్మా?" అన్నాడు.
తరువాయి వచ్చేవారం.
పేజీ తిప్పితే ఇరవయ్యో భాగం.
అప్పటికే ఆమె ఏడ్చేసి ఉంది.

పందొమ్మిదేదంటే జానీమియా నవ్వాడు.
"ఆ వారం బుక్కు రాలే బిడ్డా.
నువ్వే ఏదన్న అనుకోరాదు."

అనుకున్నాను. పాతికేళ్లు.

ఉద్యోగం దొరికి కాచిగూడలో దిగినరోజు
వాన లేదు. నన్నెవరో మోసం చేసినట్టనిపించింది.
చిరునామా సగం వినకుండానే
మీటరు పనిచేయదన్నాడు ఆటో అతను.

అప్పట్నుంచీ నా చదువు ఇంతే.
నవల చేతికొస్తే ముందు ఊరు చూస్తాను, తర్వాతే మనుషులు.
వీధి పేరు తగిలితే పేజీ మడిచి
సెలవురోజు ఆ మడత పట్టుకుని బయల్దేరతాను.
బర్కత్‌పురాలో, హత్య జరిగిన మేడ కింద
ఆధార్ కార్డు జిరాక్సు తీయించుకున్నాను.
కవాడిగూడలో ఇద్దరు విడిపోయిన మలుపొకటుంది,
అక్కడ చెప్పుల చప్పుడు తగ్గించి నడుస్తాను.
మూసీ రాగానే బస్సంతా ముక్కు మూసుకుంటే
"నువ్వేందే, కిటికీ తెరుస్తవ్?" అంటుంది మా ఆఫీసు అనసూయ.
ఏం చెప్పను?
నూటనలభయ్యో పేజీలో ఒక ముసలాయన
అందులోకి ఉంగరం విసిరాడు. ఇంకా తేలలేదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి.
ఏ నవలా వెళ్లని పేటలు నాకు కనపడేవి కావు.
జీడిమెట్ల మీదుగా మూడేళ్లు తిరిగాను, ఒక్క ముఖం గుర్తు లేదు.
ఎవరూ రాయలేదు కాబట్టి
అక్కడెవరూ లేరనుకున్నానేమో.
ఓ రాత్రి, షిఫ్టు దిగిన ఒకామె
మాత్రల పొడి వాసనతో పక్కన కూర్చుని
నా భుజం మీద నిద్రపోయింది.
నా ఒళ్లో పుస్తకం తెరిచే ఉంది.
షాపూర్‌నగర్ దాకా పేజీ తిప్పలేదు,
తిప్పితే లేస్తుందని.

మొన్న ఆదివారం, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద
పాత పరీక్ష గైడ్ల కుప్ప అడుగున దొరికింది ఆ వారం సంచిక.
ఇరవై అన్నాడు. బేరమాడకపోయేసరికి
యాభై అననందుకు బాధపడ్డట్టు చూశాడు.
మూసిన షట్టరుకి ఆనుకుని, నిలబడే చదివాను.

పందొమ్మిదో భాగంలో కుముద హైదరాబాదులోనే లేదు!
రిక్షా ఎక్కలేదు. వెనక్కి తిరిగి, రైలెక్కి,
తెనాలిలో పిన్ని ఇంటికెళ్లి
గారెలు తిని, ఏడ్చింది.

మరి
పుత్లీబౌలి సందులో పమిట పిండుకున్నదెవరు?
సుల్తాన్‌బజార్ గాజుల కొట్టు ముందు
డబ్బులు లెక్కపెట్టుకుని వద్దనుకున్నదెవరు?
చాదర్‌ఘాట్ వంతెన మీద నిలబడి
చిరునామా కాగితాన్ని నాలుగు ముక్కలు చేసినప్పుడు
నేను చూశాను కదా, ఆమె గోళ్లకి
ఆఫీసు రిజిస్టరు సిరా.

ఆ రాత్రి సూది తీసుకుని కూర్చున్నాను.
జానీమియా లేడు, ఆయన కుట్టు ఉంది.
విప్పితే గానీ కొత్త కాగితాలు చేరవు.
కాసేపు వేలితో తడిమి
సూది డబ్బాలో పెట్టేశాను.

ఇవాళ పొద్దున్నే చినుకులు.
చేతిలో ఏ పుస్తకమూ లేదు. ఆటో ఆగింది.
"షాపూర్‌నగర్" అన్నాను.
అతను అద్దంలో నన్నొకసారి చూసి
"గంత దూరమా? ఆడెవరున్నరక్కా?" అన్నాడు.